‘మరియు’ దగ్గర ఆగిన ఊరు

మనుషులు ఆగిన చోట్లని చరిత్ర జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటుంది. ఫలానా సైన్యం ఫలానా నది ఒడ్డున ఆగిందనీ, ఫలానా బండ్ల బారు ఫలానా కొండ కింద ఆగి ఇక ఇక్కడే ఉండిపోదామనుకుందనీ రాళ్ళు పాతి మరీ చెబుతుంది. యూటాలోని హెలామన్ ఊరివాళ్ళు ఆగే చోటుకి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాయి పాతలేదు. పాతడానికి వీల్లేదు కూడా. ఆ చోటు నేల మీద లేదు. ‘ఈ లోయ మాకు చాలు’ అనే కీర్తనలో, మూడో పాదంలో, ‘మరియు’ అనే మాట మీద ఉంది.

ఆ పాదం ఇది: ‘కొండా కోనా గడ్డీ గొర్రే వానా మంచూ ఎండా నీడా, మరియు నీ దయా.’

వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళంతా సిస్టర్లు, మగవాళ్ళంతా బ్రదర్లు. ‘మరియు’ రాగానే ఆర్గన్ వాయించే సిస్టర్ ఆర్డిస్ పెక్స్టన్ రెండు చేతులూ పైకెత్తేది. కింద కాలితో నొక్కిన మంద్రస్వరం ఒక్కటే, దూరాన ఎక్కడో లారీ కొండెక్కుతున్నట్టు, మూలుగుతూ ఉండేది. మందిరంలో ఉన్న జనమంతా నోరు మూసుకునేవారు. ఒక మనిషి కళ్ళజోడు తీసి, టై కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకునేంతసేపు ఎవరూ కదిలేవారు కాదు. నిజంగానే ఆ వ్యవధిలో కళ్ళజోడు తుడుచుకునేవాళ్ళు ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఆ తర్వాత సిస్టర్ పెక్స్టన్ చేతులు దిగేవి, అందరూ కలిసి ‘నీ దయా’ అనేవారు, సగంమంది కళ్ళు చెమర్చేవి. భక్తి సాహిత్యంలో దయ దగ్గర ఏడ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ‘మరియు’ దగ్గర ఏడ్చిన ఊరు మాత్రం, తెలిసినంతవరకు, ఇదొక్కటే.

ఆ కీర్తనకి బాణీ కట్టినవాడు డెల్మార్ ఇప్సన్. ఆయన అక్కడ ఏ ఆగుడూ రాయలేదు. దాన్ని పాటలోంచి బయటికి పంపాలన్నదే ఆయన జీవితంలో ముఖ్యమైన పని. మధ్యలో దొరికిన తీరికలో పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని పెంచాడు, లోయలో రెండు తరాలకి సంగీతం నేర్పాడు.

డెల్మార్ పుట్టింది టర్కీ కోళ్ళు పెంచే ఇంట్లో. టర్కీ కోళ్ళన్నీ ఒకే స్థాయిలో అరవవని ఆయన ఏడేళ్ళ వయసులో కనిపెట్టి ఇంట్లో చెప్పాడు. తండ్రి ఆ సంగతి విని, వీడు కోళ్ళ పనికి పనికిరాడని తేల్చాడు. వయసొచ్చాక అందరు కుర్రాళ్ళలాగే మిషన్‌కి వెళ్ళాడు. ఆయనకి పడింది డెన్మార్క్. అక్కడ ఇంటింటికీ తిరిగి తలుపులు తట్టి సువార్త చెప్పాలి. డెల్మార్ చెప్పడం కన్నా పాడడం ఎక్కువ చేశాడు. జనం పాట అయ్యేదాకా తలుపు తీసి ఉంచి, మాట మొదలుపెట్టగానే మూసేవారు. మొత్తానికి ఒక వితంతువుని సంఘంలోకి తెచ్చాడు. ఆయన ఓడెక్కిన వారానికి సంఘం వద్దనే కాఫీని ఆవిడ మళ్ళీ మొదలుపెట్టిందని కబురొచ్చింది.

తిరిగొచ్చి సంగీతం చదువుకుని, హెలామన్ హైస్కూల్లో మాస్టారుగా చేరాడు. ఆయన మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. పిల్లలందర్నీ వ్యాయామశాల నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్కొక్కరి పొట్టమీదా ఒక కీర్తనల పుస్తకం పెట్టేవాడు. ఊపిరి పీలిస్తే పుస్తకం లేవాలి, వదిలితే దిగాలి.

“పాడేది గొంతు కాదు. పొట్ట,” అనేవాడు వాళ్ళ మధ్య నడుస్తూ. “ఊపిరి ఎక్కడ పీలుస్తారో తెలియకుండా నోరు తెరవకండి. ఏయ్, చివరివాడా, నీ పుస్తకం లేవట్లేదు. బతికే ఉన్నావా?”

“మా అమ్మ ఇవాళ బంగాళాదుంపలు ఎక్కువ పెట్టింది మాస్టారూ.”

“అయితే పుస్తకం ఇంకాస్త పైకి పెట్టుకో.”

అలా ఆ లోయలో ఇప్పుడు ట్రాక్టర్లు నడిపేవాళ్ళూ, బడి బస్సు నడిపేవాళ్ళూ, పళ్ళు పీకేవాళ్ళూ అందరూ ఒకప్పుడు పొట్టమీద పుస్తకం మోసినవాళ్ళే. ఊరు చిన్నదైనా, హెచ్చు నుంచి మంద్రం దాకా నాలుగు గొంతుకల్లో పాడేది. పెళ్ళి విందులో పుట్టినరోజు పాట కూడా నాలుగు గొంతుకల్లోనే వచ్చేది, ఎవరూ అడక్కపోయినా.

ఆయన రచనలు తక్కువేమీ కాదు. తోపుడు బండ్లతో మైదానాలు దాటి వచ్చిన పూర్వీకుల మీద ఒక సంగీత నాటకం కట్టాడు. ఆ ప్రయాణం ఎంత కష్టమైనదో చూసినవాళ్ళకి బాగా అర్థమైంది, ఎందుకంటే అది కూడా అంతసేపు సాగింది. జిల్లా సంతకి ఒక కవాతు పాట చేశాడు, దానికి గుర్రాలు బెదిరాయి. నిలిచింది మాత్రం ఈ కీర్తనే. యుద్ధం అయిపోయాక హెలామన్‌లో కొత్త మందిరం కట్టి, దాన్ని అంకితం చేసే రోజుకని వార్డు, అంటే ఆ ఊరి సంఘం, తరఫున చేయించారు.

మాటలు రాసింది సిస్టర్ జిల్ఫా కాక్స్ అనే పెద్దావిడ. ఊళ్ళో ఎవరు పోయినా పద్యం ఆవిడదే. మూడో పాదం చూసి డెల్మార్ ఆమె ఇంటికి వెళ్ళాడు.

“సిస్టర్ కాక్స్, పాదం కొంచెం పొడుగైంది. గొర్రెని తీసేద్దామా?”

“గొర్రెని తీస్తే ఆ పై వీధివాళ్ళంతా నాతో మాట్లాడరు నాయనా. వాళ్ళకి గొర్రెలే కదా ఉన్నది. ఇప్పటికే టర్కీ కోళ్ళు లేవని మీ నాన్న మొహం ముడుచుకున్నాడు.”

“పోనీ ఎండ?”

“ఎండ తీస్తే నీడకి అర్థమేముంది?”

డెల్మార్ ఇంటికొచ్చి, పాదం పాదమంతా ఒక్క ఊపులో కొండెక్కి దిగేలా పియానో మీద కట్టాడు. ఎక్కడా తెగకూడదు. లోయ మొత్తం ఒక్క చూపులో కనిపించినట్టు ఉండాలి. తాను చేసినవాటిలో అదే మంచిదని ఆయనకి తెలుసు. అది ఆయన ఒక్కడి అభిప్రాయం కాదు. తర్వాత అందరూ అదే అన్నారు, వేరే కారణాలతో.

అంకితం రోజున సాల్ట్ లేక్ నుంచి ఒక సంఘ పెద్ద వచ్చి వేదిక మీద కూర్చున్నాడు. పాటల బృందం క్వయర్ ముందు వరసలో, హెచ్చుస్థాయి పాడే సోప్రానోల మధ్య డెల్మార్ భార్య లారూ, తొలిచూలు కడుపుతో, నిలబడింది. సిస్టర్ ఆర్డిస్ పెక్స్టన్, అప్పటికి కొత్త పెళ్ళికూతురు, కొత్త ఆర్గన్ ముందు కొత్త చెప్పులతో కూర్చుంది. మూడో పాదంలో ‘మరియు’ దగ్గర ఆమె ఎడమ చెప్పు మడమ, కాళ్ళతో నొక్కే రెండు పలకల మధ్య ఇరుక్కుంది. ఆర్డిస్ చేతులెత్తి, కిందికి వంగి, చెప్పు లాగడం మొదలుపెట్టింది. ఇరుక్కున్న కాలి కింద మంద్రస్వరం మూలుగుతూనే ఉంది. ఆర్గన్ వెంట నడవాలని డెల్మార్ దగ్గర నేర్చుకున్న జనం, ఆర్గన్ ఆగింది కనక ఆగారు. డెల్మార్ చెయ్యి గాల్లో ఉండిపోయింది. చెప్పు ఊడింది. ఆర్డిస్ లేచి చేతులు దించింది. ‘నీ దయా’ అని మందిరం మోగిపోయింది.

సంఘ పెద్ద లేచి, తాను చాలా మందిరాలు అంకితం చేశాననీ, ఇలాంటి నిశ్శబ్దం ఎక్కడా వినలేదనీ, ఆ నిశ్శబ్దంలో ఎవరో లోపలికొచ్చి కూర్చున్నట్టు తనకి అనిపించిందనీ చెప్పాడు. జనం వెనక్కి తిరిగి చూశారు.

ఇక అంతే. తర్వాతి ఉపవాస ఆదివారం ఒకరి తర్వాత ఒకరు లేచి సాక్ష్యం చెప్పారు. ఒకాయనకి ఆ ఆగుడులో పోయిన తమ్ముడు కనిపించాడు. ఒకావిడకి నడుంనొప్పి తగ్గింది. చెప్పు సంగతి డెల్మార్‌కి తెలుసు, నిలబడిన చోటినుంచి ఆయనకి కనిపించింది. అది లేచి చెబితే, తమ్ముడు కనిపించినాయన మొహం చూడాలి. డెల్మార్ కూర్చున్నాడు. తర్వాతిసారి ఈ కీర్తన పాడినప్పుడు ఆర్డిస్ కాలు ఎక్కడా ఇరుక్కోలేదు. జనమే ఆగారు. ఆర్డిస్ వాళ్ళకోసం చేతులెత్తింది.

డెల్మార్ మొదట దీన్ని చిన్న విషయమనే అనుకున్నాడు. క్వయర్ సాధనలో సరిచేయబోయాడు. టర్కీ కోళ్ళ రైతు రీడ్ అల్‌రెడ్ అప్పట్లో మంద్రస్థాయి బాస్ వరసలో పాడేవాడు.

“బ్రదర్ అల్‌రెడ్, ‘మరియు’ దగ్గర ఎందుకాగారు?”

“ఆగలేదు బ్రదర్ ఇప్సన్. ఎదురు చూస్తున్నా.”

“దేనికోసం?”

“దయకోసం.”

“దయ పక్కనే ఉంది కదండీ. తర్వాతి మాటే. అరక్షణంలో వస్తుంది.”

“పాట కట్టినవాళ్ళు మీరు. మీకు ముందే తెలుసు. మాకు ఎప్పటికప్పుడు అనుమానమే.”

వెనక వరసలో ఎవరో ఆమేన్ అన్నారు.

అయినా డెల్మార్ పట్టు వదల్లేదు. చలికాలమంతా సాధన చేయించి, క్వయర్‌ని ఆగకుండా పాడేలా తయారుచేశాడు. చుట్టుపక్కల వార్డులన్నీ కలిసే పెద్ద సభలో వాళ్ళని నిలబెట్టాడు. మూడో పాదంలో క్వయర్ ‘మరియు’ దాటి వెళ్ళిపోయింది. జనం ‘మరియు’ మీదే ఉండిపోయారు. ఆర్డిస్ కుడిచెయ్యి క్వయర్‌తో వెళ్ళింది, ఎడమచెయ్యి జనంతో ఉండిపోయింది. ఆ రెండు పక్షాలూ పాట అయ్యేదాకా మళ్ళీ కలవలేదు. ఆమేన్ రెండుసార్లు వచ్చింది. వేదిక మీద పెద్దలు రెండోదానికి కూడా తల వంచారు.

ఆ వారంలోనే రీడ్ అల్‌రెడ్, అప్పటికి బిషప్ అయ్యాడు, కోళ్ళకి మేత వేసి నేరుగా ఇప్సన్ ఇంటికొచ్చాడు. లారూ వంటింట్లో ఆప్రికాట్ పళ్ళు సీసాల్లో పెడుతోంది. బిషప్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“బ్రదర్ ఇప్సన్, మీకొక పిలుపు తెచ్చాను.”

“నాకొకటుంది కదా బిషప్. క్వయర్.”

“దాన్నుంచి విడుదల.”

“ఏ నేరానికి పడ్డ శిక్షండీ, ఇప్పుడు విడుదల చేస్తున్నారు?” అంది లారూ, సీసా మూత బిగిస్తూ.

బిషప్ నవ్వలేదు. “పసిపిల్లల తరగతి ఖాళీగా ఉంది,” అన్నాడు.

“ఎంత పసి?” అన్నాడు డెల్మార్.

“నడుస్తారు. మాట్లాడతారని నేను చెప్పలేను.”

“నేను స్వరకర్తని, బిషప్. మీరు దీని గురించి ప్రార్థన చేశారా?”

“క్వయర్ గురించి చేశాను. పసిపిల్లల తరగతి అని జవాబొచ్చింది.”

అక్కడ పిలుపంటే సంఘం అప్పగించే పని; అడగడం లేదు, వద్దనడం లేదు. ఎవరో వచ్చి చెబుతారు, మనం సరే అంటాం. రేపు కోళ్ళ రైతు బిషప్, ఎల్లుండి మళ్ళీ కోళ్ళ రైతు. డెల్మార్ సరే అన్నాడు. ఆదివారం సభలో, క్వయర్ నడిపినందుకు బ్రదర్ ఇప్సన్‌కి కృతజ్ఞతగా చేతులెత్తమన్నారు. ఊరంతా ఎత్తింది. ఎత్తిన తీరులో ఉత్సాహం కాస్త ఎక్కువే ఉందని డెల్మార్‌కి అనిపించింది.

పసిపిల్లల గదిలో ఆయన మొదటి రెండు వారాలూ ముక్కులు తుడిచాడు. మూడో వారం ఆయనకి వెలిగింది. వీళ్ళింకా ఎక్కడా ఆగలేదు. వీళ్ళు ‘మరియు’ అనే మాటే వినలేదు. ఈ ముక్కులే రేపటి హెలామన్.

అప్పటినుంచి ఆ గదిలో ప్రతి ఆదివారం పిల్లలు వలయంగా నడుస్తూ ‘ఈ లోయ మాకు చాలు’ పాడేవారు. డెల్మార్ బిస్కట్ల డబ్బా పట్టుకుని నిలబడేవాడు. బిస్కట్టు ‘దయా’ దగ్గర దొరికేది. అందువల్ల పిల్లలు ‘మరియు’ దగ్గర ఆగకపోవడమే కాదు, పరిగెత్తేవారు. బిషప్ కొడుకు కెంట్ అల్‌రెడ్ ఆ మాటని పూర్తిగా మింగేసి నీడలోంచి నేరుగా దయలోకి దూకేవాడు. కొన్నేళ్ళలో ఈ సేన పెద్దదై బెంచీల మీద కూర్చుంటుందనీ, ముసలివాళ్ళు ఒక్కొక్కరే తగ్గుతారనీ, ఏదో ఒక ఆదివారం ఎవరికీ తెలియకుండానే పాట సరిగ్గా సాగిపోతుందనీ డెల్మార్ లెక్క. ఇంటికొచ్చి లారూకి చెప్పేవాడు.

“ముసలివాళ్ళు పోవాలని పసిపిల్లల గదిలో కూర్చుని కోరుకుంటున్నావా?”

“పోవాలని కాదు. ఎలాగూ పోతారు కదా అని.”

ఆయన లెక్కలోకి రానిది నాయనమ్మ. పిల్లలు పెద్ద సభలో కూర్చునే వయసొచ్చి, ‘మరియు’ దగ్గర దూకగానే, పక్కనుంచి ఒక వేలూ బొటనవేలూ వచ్చి తొడ మీద గిచ్చేవి. ఊళ్ళో ప్రతి బెంచీకీ ఒక నాయనమ్మ ఉంది. కెంట్ అల్‌రెడ్ అందరికన్నా ముందు దూకేవాడు కనక అందరికన్నా ఎక్కువ గిచ్చించుకున్నాడు. ఎనిమిదేళ్ళకి బాప్తిస్మం అయ్యేసరికి వాడూ ఆగడం మొదలుపెట్టాడు. మీసం మొలిచే వేళకి కళ్ళు మూసుకుని ఆగేవాడు. డెల్మార్ వెనక బెంచీలోంచి చూసి, వచ్చే ఆదివారానికి బిస్కట్లు తెచ్చే పని ఉందని లేచి వెళ్ళాడు.

అలా సంవత్సరాలు నడిచాయి. స్కూల్లో పదవీ విరమణ అయింది. పసిపిల్లల తరగతినుంచి మాత్రం ఎవరూ విడుదల చేయలేదు, అందరూ మరిచిపోయారు. మందిరానికి పెద్ద వార్షికోత్సవం వచ్చేసరికి బిషప్ కెంట్ అల్‌రెడ్. అదే వంటింట్లో, తండ్రి కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. సీసాల్లో ఆ ఏడు పీచ్ పళ్ళు.

“బ్రదర్ ఇప్సన్, రెండు సంగతులు. ఒకటి, ఈ ఆదివారం క్వయర్ మీరే నడపాలి.”

“రెండోది?”

“లోయలో వార్డులన్నీ కలిసి సొంత పాటల పుస్తకం వేస్తున్నాయి కదా, అందులో మన పాట ఉంది. అచ్చుప్రతి తెచ్చాను. సోమవారం వెనక్కి పంపాలి. ‘మరియు’ మీద ఏం ఉండాలని అచ్చాఫీసువాళ్ళు అడుగుతున్నారు. అందరూ ఆగుతారు, కాగితం మీద ఏమీ లేదంటున్నారు.”

“ఏమీ లేదు. ఏమీ ఉండకూడదు.”

“నాకు తెలుసు,” అన్నాడు కెంట్. తొడ తడుముకున్నాడు, అలవాటుగా. “మిమ్మల్ని ఈ పాట విషయంలో మేం బాగా ఏడిపించాం. మా నాన్న కూడా ఒప్పుకుంటాడు, వేరే ఎవరూ లేనప్పుడు. ఆదివారం నేను వేదిక మీంచి చెప్తాను. ఈ ఒక్కసారి ఎవరూ ఆగొద్దు, బ్రదర్ ఇప్సన్ రాసినట్టే పాడాలి అని.”

“ఆగుతారు.”

“బిషప్ చెబితే ఆగరండీ.”

అది నిజమే. ఆ ఊరికి ఎన్ని లోపాలున్నా, చెప్పిన మాట వినకపోవడం అందులో లేదు. బిషప్ వెళ్ళాక డెల్మార్ అచ్చుప్రతిని తీసుకెళ్ళి పియానో మీద నిలబెట్టాడు. మందిరమంతా కలిసి తన పాటని తాను రాసినట్టు పాడగా ఒక్కసారి కూడా వినలేదు. ఆ ఒక్కసారీ ఇప్పుడు వస్తోంది. ఆయనకి ఇంకేమీ అక్కర్లేదు.

శనివారం సాయంత్రం ఆయనా లారూ రొట్టె ముక్కలు పాలల్లో వేసుకుని, పచ్చి ఉల్లిపాయ నంజుకుని తింటున్నారు. అంతకుముందు చలికాలం లారూకి న్యుమోనియా వచ్చి తగ్గింది. అయినా ముందు వరసలో తన చోటు ఎవరికీ ఇవ్వలేదు.

“ఏంటి, మొహం అంత వెలిగిపోతోంది?” అంది.

“రేపు ఆగరు.”

“విన్నాను.” లారూ రొట్టెముక్కని చెంచాతో పాలల్లోకి నొక్కింది. “అయితే రేపు మూడో పాదం నేను పాడను.”

“అదేంటి?”

“ఊపిరి చాలదు.”

“డాక్టరు తగ్గిందన్నాడు కదా!”

“జబ్బు సంగతి కాదయ్యా బాబూ. ఎప్పుడూ చాల్లేదు. రెండో పాదం చివర పీలుస్తాం. అక్కడినుంచి కొండెక్కాలి, కోన దిగాలి, గొర్రెల్ని తోలాలి, వానలో తడవాలి, మంచులో నడవాలి, ఎండలో ఎండాలి, అప్పుడు గానీ నీడ రాదు. మధ్యలో ఎక్కడ పీల్చమంటావు?”

“గడ్డి తర్వాత చిన్న సందు—”

“గడ్డికీ గొర్రెకీ మధ్యనా? ఆ సందులో చీమకి కూడా ఊపిరాడదు డెల్మార్.”

డెల్మార్ చెంచా కింద పెట్టాడు. “ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“ఆగుతున్నాం కదా. సాధనలో నువ్వు ఆగనివ్వనప్పుడు పెదవులు మాత్రం కదిపేదాన్ని. చెప్పాల్సిన పనేముంది?”

“మరి ఆ మొదటిరోజు? ఆర్డిస్ చెప్పు ఇరుక్కోకపోతే?”

“పెద్దమ్మాయి కడుపులో ఉంది. ముందు వరసలోంచి కింద పడేదాన్ని. అప్పుడు నా పడ్డం మీద సాక్ష్యాలు చెప్పేవాళ్ళు.” లేచి గిన్నెలు తీసింది. “పాట మంచిదే. పాడేవాళ్ళు మనుషులని నీకు ఎవరూ చెప్పినట్టు లేరు.”

డెల్మార్ ముందుగదిలోకి వెళ్ళి పియానో ముందు కూర్చున్నాడు. మూడో పాదం తానే పాడి చూశాడు. మంచు దాకా బాగానే వచ్చింది. ఎండలో తడబడింది. నీడ చేరేసరికి చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పాడాడు. ఈసారి గొర్రె దగ్గరే పోయింది. ఇన్నేళ్ళూ ఆ పాదాన్ని ఆయన వేళ్ళతో వాయించాడు, చేత్తో నడిపాడు, తలలో విన్నాడు. గొంతెత్తి పాడలేదు. కట్టింది పియానో మీద. పియానోకి ఊపిరితిత్తులు లేవు. లోయలో అందరి పొట్టలమీదా పుస్తకం పెట్టినవాడు తన పొట్టమీద మాత్రం పెట్టుకోలేదు.

వంటింట్లోంచి లారూ గొంతు వినిపించింది. “పడిపోయావా?”

“లేదు.”

“అయితే వచ్చి పళ్ళేలు తుడువు.”

ఆదివారం మందిరం నిండిపోయింది. బిషప్ కెంట్ చెప్పవలసింది చెప్పాడు. కొందరి మొహాలు, దంతవైద్యుడి కుర్చీలో కూర్చోబోయేవాళ్ళ మొహాల్లా ఉన్నాయి. బాస్ వరస చివర ముసలి రీడ్ అల్‌రెడ్ రెండు చేతులతో ముందు బెంచీ పట్టుకున్నాడు. సిస్టర్ పెక్స్టన్ మేజోళ్ళతోనే ఆర్గన్ ముందు కూర్చుంది. అంకితం రోజు తర్వాత ఆమె ఆర్గన్ దగ్గరికి చెప్పులతో వెళ్ళడం ఎవరూ చూడలేదు.

మొదటి పాదం, రెండో పాదం గడిచాయి. అందరూ ఊపిరి పీల్చారు. మూడో పాదం మొదలైంది. కొండ, కోన బాగానే వెళ్ళాయి. గొర్రె దగ్గర లారూ నోరు మూసింది. మూసి, డెల్మార్‌నే చూస్తూ నిలబడింది. వాన దగ్గర రీడ్ అల్‌రెడ్ మొహం ఎర్రబడింది, మంచు దగ్గర ముదిరింది. ఎండలో ఆల్టో గొంతు పాడే ఆడవాళ్ళు ఇద్దరు రాలిపోయారు. మిగిలినవాళ్ళు, తాను నేలమీద పడుకోబెట్టి నేర్పినవాళ్ళు, మెడలు చాచి, కళ్ళు ఆయన చేతిమీద పెట్టి, చెప్పిన మాట వినడానికి సిద్ధంగా వస్తున్నారు. ఆయన కోరుకున్నది సరిగ్గా అరక్షణం దూరంలో ఉంది.

‘మరియు’ వచ్చింది. డెల్మార్ చెయ్యి పైకి లేచి, అక్కడే ఆగింది.

సిస్టర్ పెక్స్టన్ చేతులెత్తింది. కింద మంద్రస్వరం మూలిగింది. మందిరమంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చింది. పైరు మీద గాలి తిరిగినట్టు పెద్ద చప్పుడు. ఇన్నేళ్ళూ ఆ చోట డెల్మార్ పళ్ళు నూరుతూ ఉండేవాడు కనక ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు మాత్రం, చెప్పిన మాట తానే వినకపోతే బాగుండదనుకున్న బిషప్ కెంట్ అల్‌రెడ్ గొంతు, ‘నీ దయా’ అని ఒంటరిగా లేచి, చుట్టూ చూసి, కూర్చుంది. డెల్మార్ లారూ వైపు చూశాడు. ఆమె తీరిగ్గా పీల్చుకుని, చాలన్నట్టు తలూపింది. అప్పుడు చెయ్యి దించాడు.

సభ అయ్యాక పక్క హాల్లో భోజనాలు. చీజ్ వేసి కాల్చిన బంగాళాదుంపలు, టర్కీ మాంసం, క్యారెట్ తురుము వేసిన ఆకుపచ్చ జెల్లీ. సిస్టర్ పెక్స్టన్ పళ్ళెంతో ఆయన పక్కకి వచ్చింది.

“ఆపేశారే బ్రదర్ ఇప్సన్!”

“మొదట ఆపింది మీరు. మీ చెప్పు.”

“ఏ చెప్పు?”

“గోధుమరంగుది. మడమ ఇరుక్కుంది.”

“నాకు గోధుమరంగు చెప్పులెప్పుడూ లేవండీ,” అంది సిస్టర్ పెక్స్టన్, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ. “అవి నీలం.”

బిషప్ కెంట్ దూరంనుంచే చేతులు చాచాడు. “ఏంటి బ్రదర్ ఇప్సన్ ఇది! ఊరందరి ముందూ నన్నొక్కణ్ణే వదిలేశారు!”

“నువ్వు చిన్నప్పటినుంచీ తొందరపడతావు,” అన్నాడు డెల్మార్. “బిస్కట్టు కోసం.”

సోమవారం పొద్దున ఆయన అచ్చుప్రతి బల్లమీద పరిచి, పెన్సిలు చెక్కి, ‘మరియు’ మీద ఒక నెలవంక గీశాడు. దాని కింద ఒక చుక్క పెట్టాడు. ఇక్కడ ఆగాలి అని స్వరాలు చదివేవాళ్ళకి చెప్పే గుర్తు అది. చుక్క సరిగ్గా మధ్యలో పడలేదని చెరిపి మళ్ళీ పెట్టాడు. లారూ భుజంమీంచి చూసి, ఎంతసేపాగాలో కూడా రాయమంది. అది పాడేవాళ్ళ ఇష్టమని చెప్పి, కవరు అంటించి, తపాలా కార్యాలయానికి తానే నడిచి వెళ్ళి ఇచ్చాడు.

మరుసటి ఎండాకాలానికి పుస్తకం వచ్చింది. నీలం అట్ట. నెలవంకా చుక్కా సరిగ్గా ‘మరియు’ మీదే పడ్డాయి. హెలామన్‌లో ఆ పేజీ ఎవరూ తెరవలేదు. ఆ పాట అందరికీ నోటికి వచ్చు.